పెట్టె మీద బొమ్మ ఉంది, పిల్లాడి చేతిలో మాత్రం విడి సిగరెట్టే

సంపాదకుడు గారికి నమస్కారం,

నాది గుంటూరు బ్రాడీపేటలో చిన్న జిరాక్స్ షాపు. చుట్టూ జూనియర్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, అంచేత పొద్దున ఏడున్నర నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా నా కళ్ళ ముందు తిరిగేదంతా పదహారు పదిహేడేళ్ళ పిల్లలే. పక్కనే ఒక టీ బంకు ఉంది. సాయంత్రం ఒక క్లాసుకీ ఇంకో క్లాసుకీ మధ్య పావుగంట గ్యాప్ దొరుకుద్ది చూడండి, అప్పుడు నలుగురు కుర్రాళ్ళు వచ్చి టీ చెప్తారు, టీతో పాటు సిగరెట్టు ఒకటి తీసుకుంటారు. నలుగురికీ ఒక్కటే. బంకు రాటకి దారం కట్టి వేలాడదీసిన లైటర్‌తో వెలిగించుకుని, పక్క సందులోకి పోయి తలా రెండు దమ్ములు లాగి, నోట్లో పుదీనా బిళ్ళ వేసుకుని బుద్ధిగా క్లాసుకి పోతారు. సందులోకి పోయేముందు బ్యాగులు నా షాపులో పెడతారండోయ్, పుస్తకాలకి వాసన అంటుద్దని.

నేను రాసేది ఆ "ఒక్కటి" గురించే.

సిగరెట్ పెట్టె మీద 85 శాతం జాగాలో భయపెట్టే బొమ్మా హెచ్చరికా ఉండాలని 2016 నుంచి అమలవుతోంది. మానాలనుకునేవాళ్ళు ఫోన్ చెయ్యడానికి 1800-11-2356 అని ఉచిత నంబరు కూడా ఆ పెట్టె మీదే వేస్తున్నారు. బాగుంది, కాదన్ను. కానీ ఆ పెట్టె చూసేది ఎవరు? బంకాయన. పిల్లాడి చేతికొచ్చేది తెల్లగా శుభ్రంగా ఉన్న గొట్టం ఒకటి, దాని మీద బొమ్మా లేదు నంబరూ లేదు. ఇంకోటి చూడండి, పెట్టె మొత్తం కొనాలంటే వంద పైనే పెట్టాలి, అంత డబ్బు తీసేముందు ఏ కుర్రాడైనా ఒకసారి ఆలోచిస్తాడు. విడిగా అయితే ఇంట్లో టిఫిన్‌కని ఇచ్చిన డబ్బులు సరిపోతాయి, అదీ నలుగురూ వేసుకుంటే ఒక్కొక్కరికి ఐదు రూపాయలు కూడా పడదు. మహారాష్ట్రలో 2020లోనే విడి సిగరెట్లు, బీడీల అమ్మకం ఆపేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అక్కడ వచ్చిన ఆలోచన ఇక్కడ అమలైతే మా సందుకి సగం పొగ తగ్గుద్ది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి అమ్మకూడదు, విద్యాసంస్థలకి వంద గజాల లోపు అసలు అమ్మకమే ఉండకూడదు. నేను ఒక ఆదివారం పనిలేక కాలేజీ గేటు నుంచి బంకు దాకా నడిచి లెక్కపెట్టా, నలభై ఆరు అంగలు వచ్చింది. వంద గజాలంటే దగ్గర దగ్గర 91 మీటర్లు, నా అంగ మీటరు ఉండదు కదా! ఆ చట్టం కింద జరిమానా 200 రూపాయల లోపే, అది ఒక్క పూట గల్లాలో లెక్క. అయితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద పిల్లలకి పొగాకు ఇస్తే ఏడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా వెయ్యొచ్చట. మా చుట్టాల్లో ఒక లాయరు కుర్రాడు చెప్పేదాకా నాకే తెలీదు, ఇక బంకాయనకేం తెలుస్తది.

నేనేమీ శుద్ధపూసని కాదు. చిన్నప్పుడు మా నాన్న "ఒరేయ్, కొట్టుకెళ్ళి రెండు సిగరెట్లు పట్రా" అని పంపేవాడు, కొట్టు ముందు నిప్పంటించిన కొబ్బరి తాడు వేలాడుతుండేది, ఇంటర్లోకి వచ్చేసరికి ఆ తాడుకి నా మూతి కూడా ఆనింది. కోటప్పకొండ మెట్లెక్కుతూ సగంలో ఊపిరాడక కూలబడిన రోజు నాకు నలభై ఒకటి. ఆ తర్వాత కూడా నాలుగైదు సార్లు మానా, మళ్ళీ పట్టా, ఐదారేళ్ళకి గానీ పూర్తిగా వదల్లేదు. ఇప్పటికీ "నాన్నకి అంకుల్" అంటే చాలు పదేళ్ళ పిల్లకైనా చేతిలో పెట్టేస్తున్నారు. తండ్రులారా, మీ సిగరెట్ మీరే పోయి తెచ్చుకోండి.

మొన్న బ్యాగు కోసం వచ్చిన ఒకణ్ణి కూర్చోబెట్టి కాన్సర్ వస్తదిరా నాన్నా అని మొదలుపెట్టా. "అంకుల్, మా తాతయ్య చుట్ట కాల్చి ఎనభై ఏళ్ళు బతికాడు" అన్నాడు. పదిహేడేళ్ళోడికి అరవయ్యో ఏడు అంటే అమెరికా అంత దూరం, ఆ భయం వాడికి ఎక్కదు. అప్పుడు వేరేగా అడిగా, కబడ్డీ ఆడతావు కదరా ఈ మధ్య కూత ఎంతసేపు నిలబడుతోంది అని. మాట్లాడలేదు. పరీక్షకి ముందు ఒకటి లాగకపోతే తోచడం లేదా అన్నా, తల దించుకున్నాడు. పీల్చిన కొన్ని సెకన్లలోనే నికోటిన్ మెదడుకి చేరుద్ది, ఇరవై అయిదేళ్ళ దాకా మెదడు ఇంకా తయారవుతూనే ఉంటుంది కాబట్టి ఈ వయసులో పట్టిన అలవాటు పెద్దాళ్ళకంటే తొందరగా గట్టిపడుద్ది. టెన్షన్ తగ్గుతోందని వాళ్ళనుకుంటారు, నిజానికి ఆ టెన్షన్‌లో సగం పొద్దున్నుంచి సిగరెట్ లేకపోవడం వల్ల వచ్చిందే, ఇది నేను ఏళ్ళ తరబడి అనుభవించి చెప్తున్నా. పైగా మధ్యలో నొక్కితే టక్‌మని పేలే మింట్ గుళిక ఉన్న సిగరెట్లు కూడా వచ్చాయి, మొదటిసారి లాగినోడికి గొంతు మండి దగ్గొస్తేనే కదా ఛీ అనుకునేది, అదీ లేకుండా చేశారు.

పొగాకు బోర్డు హెడ్డాఫీసు ఉన్న ఊళ్ళో కూర్చుని ఇలా రాస్తావేంటని మా బావమరిది ఎగతాళి చేశాడు. రైతు సంగతి వేరే లెండి, ఆయన ఆకు పండిస్తున్నాడు గానీ కాలేజీ గేటు ముందు నిలబడి అమ్మట్లేదు.

బంకాయన్ని కూడా అడిగా. మంచోడే. "అన్నా, నేనొక్కణ్ణి ఆపితే ఎదురు బంకుకి పోతారు, నా టీ బేరం కూడా పోద్ది, లైన్లో అందరిచేతా ఆపిస్తే రేపే ఆపేస్తా" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కార్పొరేషన్ వాళ్ళు, పోలీసులు కలిసి వస్తేనే అయ్యే పని. ఒకరోజు హడావిడి చేసి ఫోటోలు దిగి పోకుండా, జూన్‌లో కాలేజీలు తెరిచే ముందు టేపు పట్టుకుని ఒకసారి మా లైన్లోకి రమ్మనండి. ఎక్కడ నుంచి ఎక్కడికి కొలవాలో నేను చూపిస్తా.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు ఓనర్,
బ్రాడీపేట, గుంటూరు