మీ రోడ్‌బుక్ తప్పు, పెనాల్టీ మాత్రం మాకు: ఆఫ్‌రోడ్ నావిగేషన్ పోటీ నిర్వాహకులకు ఫిర్యాదు

ఈవెంట్ డైరెక్టర్ గారికి,

విషయం: డిసెంబర్‌లో ఓర్వకల్లు నుంచి గండికోట దాకా మీ కంపెనీ నడిపిన టీమ్ నావిగేషన్ పోటీలో రోడ్‌బుక్ (దారి బొమ్మలు, దూరాలు ఉండే పుస్తకం) తప్పులు, రద్దు చేయాల్సిన సెక్షన్ (పోటీ దారిలో ఒక భాగం), కొలిమిగుండ్ల దగ్గర రైతుకి మీరు కట్టాల్సిన నష్టం.

నమస్తే. ఇంతకుముందు నేను రాసిన మెయిళ్లలో దాదాపు అన్నిటికీ "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని ఒకటే జవాబు వస్తోంది. నేను పంపింది అభిప్రాయం కాదండీ, ఫిర్యాదు. అందుకే ఈసారి మొత్తం వివరంగా రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, చదివే ఓపిక, లెక్క చేసే ఓపిక రెండూ ఉన్నవాళ్ల చేతికి ఇవ్వండి.

మాది మూడు బండ్ల టీమ్. ఒక థార్, ఒక గూర్ఖా, మా జిమ్నీ. జిమ్నీకి మా తమ్ముడు డ్రైవర్, నేను దారి చెప్పే నావిగేటర్‌ని. మీ రూల్స్ ప్రకారం మూడు బండ్ల పెనాల్టీలూ కలిపి టీమ్ స్కోర్. టైమ్ కంట్రోల్‌కి, అంటే సమయం నమోదు చేసే చోటుకి, ఆలస్యంగా వస్తే సెకనుకి 1 పాయింట్, ముందే వస్తే సెకనుకి 2. ఫోన్లు కవర్లో పెట్టి సీల్ వేశారు, జీపీఎస్ వాడకూడదన్నారు, చక్రానికి సెన్సర్ ఉండే ట్రిప్ మీటర్ ఒక్కటే అనుమతి అన్నారు. బాగుంది, ఈ ఆటలో మజా అదే. ఇది స్పీడు పందెం కాదు కదా, రోడ్‌బుక్‌లో బొమ్మ చూసి దారి పట్టుకుని, మీరు చెప్పిన సగటు వేగానికి సెకను తేడా లేకుండా నడపడం. అంటే పోటీ మొత్తం ఒకే ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంది: మీరు రోడ్‌బుక్‌లో రాసిన దూరం నేల మీద కూడా అంతే ఉంటుందని.

అది అలా లేదు. నా ఫిర్యాదులో అసలు సంగతి ఇదే.

మొదటి రోజు బేతంచెర్ల దాటాక ఎర్రమల కొండల మీదుగా వేసిన సెక్షన్ తీసుకోండి. రోడ్‌బుక్‌లో దూరం 42.00 కిలోమీటర్లు, సగటు వేగం గంటకు 36. గంటకు 36 అంటే సెకనుకి సరిగ్గా 10 మీటర్లు, ఈ లెక్కకి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. సెక్షన్ చివర మా జిమ్నీ మీటర్ 42.63 చూపించింది. థార్‌లో 42.61. గూర్ఖాలో 42.66. మూడు రకాల బండ్లు, మూడు సైజుల టైర్లు, ముగ్గురు వేర్వేరు నావిగేటర్లు. మీ పుస్తకం కంటే నేల దాదాపు 630 మీటర్లు ఎక్కువుంది, అంటే 63 సెకన్లు. మరి మీ మార్షల్ మాకు వేసిన పెనాల్టీలు ఎంతో చూడండి: 61, 63, 65. మూడు బండ్లూ దాదాపు ఒకేలా ఆలస్యం అయ్యాయంటే ముగ్గురం నావిగేటర్లం ఒకేసారి ఒకే తప్పు చేశామా, లేక పుస్తకంలో తప్పుందా? రిజల్ట్ షీట్ వేసినవాళ్లు ఈ మూడు అంకెల్ని పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూసి ఉంటే నేనీ ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు.

"మీ మీటర్లు సరిగ్గా క్యాలిబ్రేట్ చేసుకోలేదేమో" అని మీ కోఆర్డినేటర్ గండికోటలో అన్నారు. చేసుకున్నామండీ. మా జిమ్నీకి కంపెనీ ఇచ్చిన 195/80 ఆర్15 టైర్లు తీసేసి 215/75 ఆర్15 వేసుకున్నాం, చుట్టుకొలత దాదాపు ఒకటిన్నర శాతం పెరుగుతుంది, సరిచేసుకోకపోతే 100 కిలోమీటర్లు తిరిగితే మీటర్లో 98.5 చూపిస్తుంది. ఈ తేడా తెలుసు కాబట్టే ముందురోజు కర్నూలు, నంద్యాల మధ్య 40వ నంబర్ జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ మూడు బండ్లనీ సరిచేసుకున్నాం. నిజానికి ఆ పని మాది కాదు, మీది. ఇలాంటి ర్యాలీల్లో మొదటి సెక్షన్‌కి ముందు నిర్వాహకులే కొలిచిన ఒక ముక్క రోడ్డు ఇస్తారు, ఇక్కడి నుంచి అక్కడికి మా లెక్కలో ఇంత, మీ మీటర్ దీనికి కలుపుకోండి అని. మీరు అది ఇవ్వలేదు. అడిగితే "టైమ్ సరిపోలేదు" అన్నారు, అదే పొద్దున డ్రోన్ షూట్ కోసం అన్ని బండ్లనీ లైన్లో నిలబెట్టడానికి మాత్రం టైమ్ సరిపోయింది.

తప్పు ఎలా వచ్చిందో నా అనుమానం కూడా చెప్తాను. బ్రీఫింగ్‌లో మీ రూట్ ఇన్‌చార్జే చెప్పారు, రెక్కీ (ముందుగా దారి తిరిగి కొలవడం) బైక్ మీద ఫోన్ యాప్‌తో చేశామని. ఫోన్ యాప్ కొన్ని సెకన్లకి ఒక చుక్క పెట్టి ఆ చుక్కల్ని సరళరేఖలతో కలుపుతుంది. తారు రోడ్డు మీద పర్వాలేదు, బనగానపల్లె వైపు నేరు రోడ్డులో మీ దూరాలకీ మా మీటర్లకీ తేడా రాలేదు కూడా. కానీ ఎర్రమలలో మెలికలు తిరిగే బండి బాటలో ప్రతి మలుపునీ ఆ యాప్ కొంచెం కొంచెం కోసేస్తూ పోతుంది. అలా పోయినవన్నీ కలిస్తేనే ఆ 630 మీటర్లు అయ్యుండాలి. నా ఊహ తప్పయితే మీ రెక్కీ లాగ్ బయటపెట్టి తప్పని చూపించండి, ఒప్పుకుంటాను.

"అందరికీ అదే రోడ్‌బుక్ కదా" అన్నది మీ రెండో జవాబు. కాటా తప్పున్న కొట్లో అందరికీ ఇదే కాటాతో తూస్తున్నాం కదా అన్నట్టుంది. అసలు మీ తప్పు అందరికీ ఒకేలా తగల్లేదు. పుస్తకంలో దూరం తక్కువ, కాబట్టి మీ లెక్కలో రావాల్సిన సమయం కూడా తక్కువ. మీటర్ కచ్చితంగా పెట్టుకుని 36కి 36 నడిపినవాళ్లు ఆలస్యం అయ్యారు. మీటర్ పట్టించుకోకుండా కొండ బాటలో కాస్త తొక్కేసి వెళ్లినవాళ్లు టైమ్‌కి దగ్గరగా వచ్చారు. ఒక టీమ్ వాళ్లయితే "మేం బొమ్మలు చూసి పోయాం అంతే, లెక్కలు వేయలేదు" అని రాత్రి భోజనాల దగ్గర నవ్వుతూ చెప్పారు, వాళ్లే ఆ సెక్షన్‌లో ఫస్ట్. వాళ్ల మీద నాకేం కోపం లేదు, మంచివాళ్లే. నావిగేషన్ పోటీ పెట్టి, నావిగేషన్ బాగా చేసినవాళ్లకే ఎక్కువ పెనాల్టీ పడేలా చేశారన్నదే నా బాధ.

ఇక రెండో రోజు సంగతికి వస్తే దూరాల గొడవ చాలా చిన్నదనిపిస్తుంది.

కొలిమిగుండ్ల వైపు నాపరాయి గనులు ఎలా ఉంటాయో ఆ దారిన తిరిగినవాళ్లెవరికైనా తెలుసు. ఈ నెల బాట ఉన్నచోట వచ్చే నెల గుంత ఉంటుంది, గని ఎటు జరిగితే లారీల బాట అటు జరుగుతుంది. అలాంటి చోట రెక్కీ పోటీకి ముందురోజు మళ్లీ చేయాలి. మీరు దసరాకి ముందు చేసిన రెక్కీతోనే డిసెంబర్‌లో మమ్మల్ని పంపారు. రోడ్‌బుక్‌లో 17.80 కిలోమీటర్ల దగ్గర ఎడమకి తిరిగి బాట వెంట నేరుగా అని బొమ్మ ఉంది. ఎడమకి తిరిగాక బాట కాస్త దూరమే ఉంది, ఆ తర్వాత రెండు నిలువుల లోతు గుంత, అడుగున నీళ్లు, అంచున ఒక్క రాయి కూడా అడ్డం లేదు. ఇలాంటి చోట రోడ్‌బుక్‌లో మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టాలి, అంటే ప్రాణాపాయం, ఆగి చూసి కదలమని. మీ బొమ్మ పక్కన ఒక్కటి కూడా లేదు. మా ముందు పోతున్న గూర్ఖా డ్రైవర్‌కి దుమ్ములో ఎదురుగా నేల కనిపించకపోయేసరికి అనుమానం వచ్చి బ్రేక్ వేశారు కాబట్టి సరిపోయింది. అది పట్టపగలు. మీ అసలు షెడ్యూల్‌లో ఆ సెక్షన్ సాయంత్రం ఆరు తర్వాత ఉంది, వేరే ఏదో కారణంతో ముందుకి జరిపారు. ఆరు తర్వాత అయ్యుంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

వెనక్కి తిరిగి గుంత చుట్టూ పోవాలంటే ఉన్నది ఒకటే సందు, అది శనగ చేను. మాకంటే ముందు పోయిన బండ్లన్నీ అందులోంచే పోయాయి, చాళ్లు కనిపిస్తున్నాయి. మేం గట్టు పట్టుకుని పోదామని చూశాం, కానీ అంతకుముందు వారం తుఫాను వాన పడిన నల్లరేగడి అది, గట్టు పక్కనే థార్ ఇరుసు దాకా దిగిపోయింది. అత్యవసరాల కోసం ఇచ్చిన వాకీటాకీలోనూ, సీల్ విప్పిన ఫోన్ నుంచి కార్డు మీద మీరిచ్చిన రికవరీ నంబర్‌కీ, రెండు రకాలుగానూ ప్రయత్నించాం. "ట్రాక్టర్ బయల్దేరింది మేడమ్" అన్నారు. బయల్దేరిందేమో, మా దగ్గరికైతే రాలేదు.

వచ్చింది ఆ చేను రైతు. "ఏమ్మా, చదువుకున్నోళ్లే గదా, సేనని కనపడల్యా?" అన్నాడాయన. ఆయన అన్నదానికి మా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే పర్మిషన్ తీసుకున్నామని బ్రీఫింగ్‌లో మీరు చెప్పిన మాట మేం నమ్మాం, ఆయన్నేమో ఎవరూ అడగనే లేదు. కోపంగా ఉన్నా ఆయనే ట్రాక్టర్ తెచ్చి థార్‌ని లాగాడు, మోకు కూడా ఆయనదే. లాగినందుకు డబ్బులిస్తే వద్దన్నాడు, పైరు సంగతి మాత్రం తేల్చమన్నాడు. అదీ న్యాయమే. మా దగ్గరున్నంత మేం ఇచ్చాం. కానీ ఆ చేనులోంచి పోయింది మేం ఒక్కళ్లమే కాదు, మీ పోటీలో సగం బండ్లు పోయాయి. మిగతా నష్టం మీ కంపెనీ కట్టాలి. నా ఫిర్యాదులో మిగతావన్నీ మీరు చెత్తబుట్టలో వేసినా ఇదొక్కటి వేయడానికి వీల్లేదు.

ఇంత జరిగాక ప్రొటెస్ట్ (అధికారిక అభ్యంతరం) చేద్దామంటే, అదొక పెద్ద నాటకం. ప్రొవిజినల్ (తాత్కాలిక) రిజల్ట్స్ పెట్టిన 30 నిమిషాల్లోపు ప్రొటెస్ట్ ఇవ్వాలన్నది అంతర్జాతీయ మోటార్ స్పోర్ట్ నియమావళిలో ఉన్నదే, మీరు దాన్ని మీ రూల్ బుక్‌లోకి ఎక్కించుకున్నారు. మంచిదే. మరి ఎక్కడ పెట్టారు? నోటీస్ బోర్డు లేదు. రాత్రి 11:40కి వాట్సాప్ గ్రూప్‌లో ఒక ఫోటో పెట్టారు, ఆ గ్రూప్‌లో అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టలేకుండా సెట్ చేసి ఉంది. కోఆర్డినేటర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మీ వాళ్లు దిగిన గదుల దగ్గరికి మా తమ్ముడు నడుచుకుంటూ పోయి తలుపు కొడితే "పొద్దున మాట్లాడదాం" అన్నారు. పొద్దున మాట్లాడితే "గడువు రాత్రి 12:10కే అయిపోయింది కదా" అన్నారు. ఇది చదువుతున్నవాళ్లకి నవ్వు రావచ్చు, మాకు మాత్రం ఆ పొద్దున రాలేదు.

సంతకం పెట్టించుకున్న ఇండెమ్నిటీ ఫారం గురించి మీ చివరి మెయిల్‌లో గుర్తు చేశారు. ఆ ఫారం చదివే సంతకం పెట్టాను. రాళ్లూ వాగులూ బురదా ఉంటాయి, బండి దెబ్బతినొచ్చు, మనిషికీ దెబ్బ తగలొచ్చు, ఆ రిస్క్ నాదే అని అందులో ఉంది. రోడ్‌బుక్ చూపించిన దారిలో దారే లేకపోతే ఆ రిస్క్ కూడా నాదే అని ఎక్కడా లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తున్నాను. బేతంచెర్ల సెక్షన్‌ని అన్ని టీమ్‌లకీ రద్దు చేసి రిజల్ట్ మళ్లీ లెక్కవేయండి. అలా వేస్తే మేం పైకి రావచ్చు, ఇంకా కిందికీ పోవచ్చు, ఏదైనా ఒప్పుకుంటాం, ఫస్ట్ వచ్చినవాళ్ల చేతిలోంచి ట్రోఫీ లాక్కోమని మేం అడగట్లేదు. భద్రత కోసమని మీరే ప్రతి బండిలో పెట్టిన ట్రాకర్ల డేటా మీ దగ్గరే ఉంది. ఎవరు ఎక్కడ ఎప్పుడున్నారో, ఎవరెవరు చేనులోంచి పోయారో అన్నీ అందులో ఉంటాయి, దాన్ని పాల్గొన్న టీమ్‌లన్నిటికీ ఇవ్వండి, రెక్కీ లాగ్‌తో సహా. రైతు నష్టం అంచనా వేయించి ఆయనకే నేరుగా కట్టండి. మా టీమ్ ఎంట్రీ ఫీజులో సగం వెనక్కి ఇవ్వండి, ఎందుకంటే రెండు రోజుల్లో మాకు దొరికింది సగం పోటీయే.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేస్తాను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీ ఆఫీసు ఎక్కడున్నా నేను ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ఇది బెదిరింపు అనుకోకండి, ముందే చెప్పడం మర్యాద అని చెప్తున్నాను. వచ్చే ఏడాది మీ పోటీ మళ్లీ జరిగితే రావాలని మా టీమ్‌లో ఇద్దరు ఇప్పటికీ అంటున్నారు, నేను ఇంకా సరే అనలేదు.

మూడు బండ్ల రోడ్‌బుక్‌ల స్కాన్లు (మార్జిన్‌లో మా మీటర్ రీడింగులు పెన్నుతో రాసి ఉన్నాయి), టైమ్ కార్డులు, 17.80 దగ్గర గుంత ఫోటోలు, చేను ఫోటోలు, ఫీజు రసీదు జత చేశాను. రైతు ఫోన్ నంబర్ ఆయన్ని అడిగి, సరేనంటేనే ఇస్తాను, దానికి మీ తరఫున ఎవరు మాట్లాడతారో పేరు చెప్పండి, మళ్లీ సపోర్ట్ టీమ్ అని రాయకండి. ఫైళ్లు పెద్దవి, తెరుచుకోకపోతే చెప్పండి, విడివిడిగా పంపుతాను.

ఇట్లు,
జిమ్నీ నావిగేటర్,
మా ముగ్గురు డ్రైవర్లు, మిగతా ఇద్దరు నావిగేటర్ల తరఫున కూడా