బొమ్మలో మా నాయనమ్మ కాళ్లు

సంపాదకులకు నమస్కారం.

నేను విజువల్ కమ్యూనికేషన్ చదువుతున్నాను. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. ఈ సెమిస్టర్‌లో తాగునీటి ఫ్లోరైడ్ మీద పోస్టర్ చేయమన్నారు. నేనూ అందరిలాగే ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగి వంకర తిరిగిన కాళ్లే గీశాను. ఇంటికి తీసుకెళ్తే నాయనమ్మ చాలాసేపు చూసి, "మమ్మల్ని గిట్ల గోడకెక్కిస్తవా బిడ్డా?" అన్నది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మళ్లీ మొదలుపెట్టాను. పదకొండు స్కెచ్‌లు చింపేశాను. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నీళ్లు మరిగించినా పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. కళ్లకు కనపడని దాన్ని చూపించేదెట్లా? చివరికి తెల్ల కాగితం మీద ఒక స్టీలు గ్లాసు, అంచు దాకా తేట నీళ్లు వేశాను. కింద రెండే వరుసలు: "చూస్తే తెలియదు. పరీక్ష చేయించండి."

ప్రింటింగ్ షాపులో ఇంకో టెన్షన్. వరుసల మధ్య జాగా తగ్గించేసరికి "చూస్తే"లోని త వత్తు కిందికి దిగి "పరీక్ష" గుడిదీర్ఘానికి తగిలింది. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయే జాగా మన వత్తులకు చాలదు. పక్కనే కూర్చుని సరిచేయించాను.

మా వైపు గోడల మీద ఇప్పటికీ ఆ కాళ్ల బొమ్మలే కనిపిస్తాయి. అధికారులను నేను కోరేది ఒక్కటే. అచ్చుకు పంపేముందు పోస్టర్‌ను ఆ ఊళ్లో నలుగురికి చూపించండి. నీళ్లు ఎక్కడ పరీక్షిస్తారో కూడా అందులో రాయండి. నా పోస్టర్‌లోనూ ఆ వివరం లేదు, వచ్చేవారం చేరుస్తున్నాను.

– ఒక విద్యార్థిని, మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా