మార్చి ఎండలు, గాలివానలు: గ్రూపు సభ్యులకు

అన్నలకు, అక్కలకు నమస్కారం. మార్చి ముదిరేకొద్దీ మన అనంతపురంలో ఎండ 40 డిగ్రీల దరిదాపుల్లోకి పోతుంది. గాలిలో తేమ తక్కువ కాబట్టి చెమట వెంటనే ఆరిపోయి, ఒంట్లో నీళ్లు తగ్గేది తెలియదు. దాహం లేకున్నా తాగండి. చీనీ (బత్తాయి) చెట్లకు పొద్దున్నేగానీ సాయంత్రంగానీ నీళ్లు పెట్టండి, పాదుల్లో ఎండుగడ్డి కప్పండి.

ఎండకంటే నాకు సాయంత్రపు గాలివానల టెన్షనే ఎక్కువ. పగలంతా కాగి, ఉన్నట్టుండి నల్లమబ్బు లేస్తే వడగళ్లు, పిడుగులు పడొచ్చు. చెట్ల కింద నిలబడొద్దు. గొర్రెల కాపర్లకు ఫోన్ చేసి మరీ చెప్పండి. ఫోన్లో 'దామిని' యాప్ పెట్టుకోండి, దగ్గర్లో పిడుగులుంటే హెచ్చరిస్తుంది.

ఓర్వకల్లు, కడపల్లో విమానమెక్కేవాళ్లు ఉరుములున్న రోజు ఆలస్యానికి సిద్ధపడి వెళ్లండి. నెల్లూరు తీరంలో మనవాళ్లుంటే, చేపల వేటకు పోయేముందు వాతావరణ శాఖ హెచ్చరిక చూసుకోమనండి. ఏప్రిల్ 15 నుంచి ఎలాగూ మర, మోటారు పడవలకు వేట నిషేధం.