మామునూరులో చిన్న విమానాలకూ జాగా ఉంచండి

ఎడిటర్ గారికి,

1981లో మూతపడ్డ మన వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టు మళ్లీ మొదలవుతుందంటే హన్మకొండలో ఏ చాయ్ బండి దగ్గరైనా టికెట్ల ముచ్చటే. సరదాకు విమానం నడుపుదామనుకునే వాళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. అమెరికాలో 17 ఏళ్లు నిండి, కనీసం 20 గంటల ఫ్లయింగ్ చేసి పరీక్షలు పాసైతే స్పోర్ట్ పైలట్ సర్టిఫికెట్ ఇస్తారు, మెడికల్ సర్టిఫికెట్ బదులు చాలామందికి కారు లైసెన్సే సరిపోతుంది. ఇంజనుతో కలిపి 115 కిలోలు దాటని ఒంటి సీటు అల్ట్రాలైట్ అనే బుల్లి విమానానికైతే అసలు లైసెన్సే అక్కర్లేదు, కాకపోతే పగలే ఎగరాలి, జనం ఉన్న ఊళ్ల మీదుగా పోవద్దు (మన పోరగాళ్లు బైకు నడిపే తీరు చూస్తే ఆ షరతు ఇక్కడ ఇంకా గట్టిగా పెట్టాలి). మామునూరు ప్లానులో ఫ్లయింగ్ క్లబ్బుకు ఓ చిన్న హ్యాంగర్ (విమానాలు పెట్టే షెడ్డు) జాగా ఇప్పుడే రాసిపెట్టాలని అధికారులను కోరుతున్నా.

– ఒక పాఠకుడు, కాజీపేట