ఆదివారం కలుద్దాం: గూఢచారి సినిమాల సంగీతం

మిత్రులందరికీ నమస్కారం. గూఢచారి సినిమాల్లో సంగీతపరంగా ఏ సన్నివేశం గొప్పదంటూ నిన్న రాత్రి ఇక్కడ మొదలైన చర్చను ఆదివారం సాయంత్రం 5 గంటలకు హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో కొనసాగిద్దాం.

1962 నాటి జేమ్స్ బాండ్ సినిమా ‘డాక్టర్ నో’లో విక్ ఫ్లిక్ మీటిన గిటారు నాకెంత ఇష్టమో మీకు తెలుసు. మాంటీ నార్మన్ బాణీని జాన్ బారీ తీర్చిదిద్దిన తీరు అద్భుతం. అయినా నా ఓటు మరుసటి ఏడాది వచ్చిన ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’లోని రైలు పెట్టె పోరాటానికే. బాండ్‌గా షాన్ కానరీ, ప్రతినాయకుడిగా రాబర్ట్ షా కలబడుతుంటే నేపథ్య సంగీతమే ఉండదు. రైలు చప్పుడు, దెబ్బల చప్పుడు, అంతే! కాజీపేట జంక్షన్ పక్కన పెరిగిన నాకు ఆ మోత వింటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. సంగీతాన్ని ఎక్కడ ఆపాలో తెలియడం కూడా గొప్ప విద్యే కదా.

మన కృష్ణ గారి ‘గూఢచారి 116’ (1966)ను మాత్రం మరవకండి. టి.చలపతిరావు గారి ‘నువ్వు నా ముందుంటే’ పాట తుపాకుల కథలో అంత మెత్తగా ఎలా ఇమిడిందో మాట్లాడుకోవాలి. ఆ రోజుల్లో దాన్ని థియేటర్లో చూసిన పెద్దలు తప్పక రండి. పాత పాటల పుస్తకాలుంటే వెంట తెండి. వచ్చేవారు శనివారంలోగా ఇక్కడే చెప్పండి.