ఎర్రావా, నల్లావా?

విశాఖపట్నం
ఆదివారం, మధ్యాహ్నం మూడు

ఒరేయ్ పొట్టీ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో. నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలు దాటింది. జవాబు మొదలెట్టకపోలేదు. సగం రాసిన కాగితం ఇక్కడే ఉంది కానీ దాని వెనకాల రంగులు పరీక్ష చేసుకున్నాను, ఇప్పుడది పంపితే నువ్వు మళ్ళీ తిడతావు. మీ చెల్లెలు బాగుంది, చిన్నదానికి ఇంటర్ టెన్షన్, అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, అద్దె మళ్ళీ పెంచాడు. కబుర్లు అయిపోయాయి. అసలు సంగతికి వస్తున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కానీ నువ్వు సగంలోనే నవ్వడం మొదలెట్టి మొత్తం పాడుచేస్తావు. కంచరపాలెం వడియాల కథకి ఏ గతి పట్టించావో మర్చిపోలేదు.

పోయిన వారం నా బొమ్మల ఎగ్జిబిషన్ పెట్టాను. బీచ్ రోడ్డు దగ్గర్లో చిన్న హాలు, మూడు రోజులు, ఇరవై రెండు బొమ్మలు. హాలు చూసుకునే కుర్రాడు ప్రతి బొమ్మ కిందా దాని ప్రేరణ ఏమిటో నాలుగు లైన్లు రాసివ్వమన్నాడు. జనం అవే ముందు చదువుతారట, బొమ్మ తర్వాత చూస్తారట. కొన్నిటికి రాయడం తేలికే. ఎర్రమట్టి దిబ్బలున్నాయి కదా, భీమిలి దారిలో. ఇసుకలో ఉన్న ఇనుము తుప్పు పట్టి ఆ ఎరుపు వచ్చింది. సాయంత్రం ఎండ వాలాక ఆ గాడుల్లో నీడలు ఊదారంగులోకి తిరుగుతాయి, అది చూసి వేశాను. అంతే, నిజమే రాశాను. నీడలో నలుపు వాడకపోవడానికి కారణం మాత్రం రాయలేదు. నలుపు ట్యూబు దొంగ ఎవరో ఊరందరికీ చెప్పడం దేనికి?

చిక్కల్లా పదిహేడో నంబరుతో వచ్చింది. యారాడ కొండ. బయటివాళ్ళకి డాల్ఫిన్స్ నోస్.

రెండేళ్ళ కిందటి శ్రావణమాసంలో వేశానది. వాన కురిసి వెలిసింది. బీచ్ గోడ మీద బోర్డు పెట్టి, అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియెన్నా ఎర్ర గోధుమరంగు కలిపి కొండంతా ఒకే తడి మీద వేసేశాను. అబ్బ, ఏం కుదిరిందనుకున్నావు! ఆ నీలానికో గుణం ఉంది, నలకలు నలకలుగా కాగితం గుంటల్లోకి దిగుతుంది, రాయిని చేత్తో తడిమినట్టుంటుంది. కానీ మన ఊరి గాలి సంగతి నీకు తెలుసు కదా, పిండితే నీళ్ళు కారతాయి. అరగంటైనా ఆరలేదు. ఇంక ఉండబట్టలేక మొక్కజొన్న పొత్తు తిందామని అటు వెళ్ళాను. నిమ్మచెక్కకి ఉప్పూ కారం అద్ది రాయించుకుంటుంటే పొత్తులు కాల్చే ఆవిడ నా భుజం మీంచి చూసి అరిచింది, "ఓ బాబో, నీ పటం ఆవు నాకేస్తంది సూడు!"

నవ్వకు. ఇంకా ఉంది.

పొత్తుల తొక్కల కోసం వచ్చిన ఆవు. రంగులో కలిపే తుమ్మ జిగురు రుచించిందో, ఉప్పగాలి రుచించిందో, కొండ నడుం మీద ఒక్కటే నాకుడు నాకింది. కింద నుంచి పైకి, కాస్త ఏటవాలుగా. నేను పరిగెత్తేసరికి రెండోదానికి నాలుక చాపుతోంది. ఇంటికొచ్చి సరిచేద్దామని అక్కడ కొంచెం నీలం తాకించాను. మంచి కాగితానికి పైన సన్నటి జిగురు పూత ఉంటుందిరా, రంగు లోపలికి ఇంకకుండా నిలబెట్టేది అదే. నాలుక ఆ పూతని గీరేసింది. నేను పెట్టిన చుక్క అద్దుడు కాగితంలో సిరాలా నల్లగా దిగబడిపోయింది. కోపమొచ్చి మంచం కింద పడేశాను. సంక్రాంతికి ఇల్లు దులుపుతూ మీ చెల్లెలు తీసి గోడకి గుచ్చింది. "మీరు వేసినవాటిలో ఇదొక్కటే ఊపిరి పీలుస్తోంది" అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నా బొమ్మని మెచ్చుకున్నది ఆ ఒక్కసారే, అదీ ఆవు పని.

మరి దాని కింద ప్రేరణ అని ఏం రాయను? "వాన వెలిశాక కొండ నడుముని చుట్టుకున్న మంచు. ప్రకృతి మౌనం" అని రాశాను. అవును, నేనే రాశాను. చెప్పుతో కొట్టు.

జనం ఎగబడి చూశారు! మొదటి రోజే నేవీలో రిటైరైన ఒకాయన దాని ముందు పావుగంట నిలబడ్డాడు. తెల్లవారుజామున ఓడ ఒడ్డుకొస్తుంటే కొండకి సరిగ్గా అక్కడే మంచు పట్టి కనిపించేదట. అడ్వాన్సిచ్చి, అమ్ముడైనట్టు ఎర్రచుక్క అంటించుకుని వెళ్ళాడు. నేను నోరెత్తలేదు.

రెండో రోజు సాయంత్రం మాస్టారు వచ్చారు.

మన మాస్టారేరా. డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలకి మన చెవులు మెలిపెట్టి గీతలు గీయించిన మాస్టారే. చేతిలో కర్ర, చొక్కా జేబులో అదే భూతద్దం. నన్ను నీ గురించి అడిగారు, "ఆ రెండోవాడు బతికున్నాడా" అని. ముందు హుద్‌హుద్ తుఫాను బొమ్మ దగ్గర ఆగారు. 2014 అక్టోబరు 12 ఆదివారం కదా, ఆ మర్నాడు మా మేడ మీంచి కనిపించింది వేశాను. చెట్లన్నీ పడిపోయి మొదటిసారి మా ఇంటికి సముద్రం కనపడిన పొద్దు. మిగిలిన కొమ్మలు కాలినట్టు గోధుమరంగులో ఉండేవి, ఆకుపచ్చ ట్యూబు మూత తియ్యకుండానే బొమ్మ పూర్తయింది. మాస్టారు ఏమీ అనలేదు. కాసేపయ్యాక "నా ట్రంకు పెట్టె ఆ రోజే తడిసింది" అన్నారు. గుర్తుందా, చందమామ అట్టల మీది వపా, అదే వడ్డాది పాపయ్య గారి బొమ్మలన్నీ కత్తిరించి దాచిన పెట్టె? మనల్ని చేతులు కడుక్కొస్తేనే ముట్టుకోనిచ్చిన పెట్టె. నాకు తెలియదురా. ఇన్నేళ్ళూ తెలియదు. ఈ ఊళ్ళోనే ఉండి... సరే, ఆ సంగతి ఇంకోసారి రాస్తాను.

పదిహేడు దగ్గరికొచ్చారు. చీటీ చదివారు. ముఖం చిట్లించారు. బొమ్మని ఎదురుగా చూడకుండా పక్కకి వెళ్ళి, గోడకి చెంప ఆనించినంత దగ్గరగా నిలబడి, దీపం వెలుతురు ఏటవాలుగా పడేలా చూశారు. తర్వాత భూతద్దం తీశారు. నాకు హయ్యరు పరీక్ష హాల్లో పట్టినట్టు చెమట పట్టింది.

"ఇది బ్రష్షు కాదు. నూగు అంతా ఒకే వైపుకి లేచింది. గరుకైనదేదో కింద నుంచి పైకి లాక్కెళ్ళింది. ఉప్పుకాగితమా?"

"కాదు మాస్టారూ. ఆవు."

హాల్లో ఇంకో నలుగురున్నారు. అందరూ ఇటు తిరిగారు. మాస్టారు భూతద్దం జేబులో పెట్టుకుని, అటెండెన్స్ అడిగినట్టు అడిగారు.

"ఎర్రావా, నల్లావా?"

పొట్టీ, నాకు గుర్తులేదు! ఆ రోజు కొండ మీద ఎన్ని నీలాలున్నాయో చెప్పగలను. ఓడలు ఎన్ని ఆగున్నాయో చెప్పగలను, మూడు. ఆవు రంగు మాత్రం తెలియదు. నీళ్ళు నమిలాను. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వి, "పక్కనున్నది చూడకుండా దూరపు కొండలు వేశావా?" అని కర్ర పట్టుకుని వెళ్ళిపోయారు. టీ కూడా తాగలేదు.

ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. మర్నాడు హాలు తెరవకుండా బీచ్‌కి పోయాను. పొత్తులావిడ ఇంకా అక్కడే ఉంది, బొగ్గులు రాజేస్తోంది. నన్ను చూడగానే "నువ్వా బావూ, ఆవు బాబువి!" అంది. అక్కడ నా పేరు అదేనట. అడిగితే ఒక్క క్షణం ఆలోచించలేదు. "ఎరుపూ కాదు, నలుపూ కాదు. తెల్లది. ఎడం సెవి సిరిగుంటాది. పొద్దుగూకితే వస్తాది, కూకో."

కూర్చున్నాను. వచ్చింది. తెలుపంటే తెలుపు కాదురా, మెడ కింద బూడిదరంగు, గంగడోలు ముడతల్లో కొంచెం గులాబీ. పెన్సిలుతో నాలుగు గీశాను. ఒకటి కవర్లో పెడుతున్నాను, మడత పడ్డందుకు ఏమనుకోకు. చెవి బాగా రాలేదు, అది ఆడిస్తూనే ఉంది.

ఇంతకీ ఇప్పుడు నా గొడవేమిటంటే, ఆ నేవీ ఆయన ఇవాళ ఐదింటికి బొమ్మ తీసుకెళ్ళడానికి వస్తానన్నాడు. చెప్పాలా వద్దా? మీ చెల్లెలు చెప్పొద్దంటోంది. ఆయన చూసిన మంచు ఆయనకుంది కదా అంటుంది. నాకేమో మాస్టారు గోడకి చెంప ఆనించి నిలబడిందే కళ్ళ ముందు మెదులుతోంది. చీటీ అయితే చించేశాను. దాని బదులు ఏం రాయాలో నువ్వు చెబుతావని మొదలుపెట్టాను ఈ ఉత్తరం, నీ జవాబు వచ్చేలోగా ఐదవుతుందని ఇప్పుడు తట్టింది. నా బుర్ర అంతే.

మాస్టారింటికి ఈ శుక్రవారం వెళ్తున్నాను. ఆ పెట్టెలో ఏమైనా మిగిలాయేమో చూసి, కొన్నయినా మళ్ళీ గీసి

కిందెవరో స్కూటరు ఆపారు. ఇంకా ఐదు కాలేదే! చొక్కా కూడా వేసుకోలేదు. చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఉంటాను.

నీ బక్కోడు