వడ్డీ చెప్పారు, ధర చెప్పలేదు

సంపాదకులకు నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో జనాన్ని పొదుపు చేయమని వేసిన పోస్టర్ల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. బొమ్మల గురించి బాగా రాశారు. పోస్టాఫీసు కౌంటర్ వెనక కూర్చుని రిటైరైనవాణ్ణి కాబట్టి, నా చూపు మాత్రం బొమ్మ కింద అంకెల మీదికే పోయింది.

అమెరికా వాళ్ళు 1941లో తెచ్చిన ఇ సిరీస్ బాండు (జనం ప్రభుత్వానికి ఇచ్చే అప్పుకి పత్రం) ధర 18.75 డాలర్లు. పదేళ్ళాగితే 25. శాతం లెక్కేస్తే ఏడాదికి మూడుకి కాస్త తక్కువే. ఆ మాట చెబితే ఎవరు కొంటారు? "మూడు పెడితే నాలుగు" అంటే నోరూరుతుంది. మేమూ అలాగే అమ్మాం. 1988లో కిసాన్ వికాస్ పత్రం వచ్చినప్పుడు మా నోట "అయిదున్నరేళ్ళకి రెట్టింపు" తప్ప వేరే మాట లేదు. గోగునార అమ్మిన డబ్బు పట్టుకొచ్చిన ఒక పెద్దాయన మాత్రం, "రెట్టింపవుద్ది సరే, అప్పటికి ధాన్యం బస్తా ఎంతుంటాది బాబూ?" అన్నాడు. అప్పట్లో వడ్డీ పదమూడు శాతం దాటి ఉండేది గనక ఆయన నష్టపోలేదనుకోండి. కానీ ఆ ప్రశ్నకి మా కరపత్రాల్లో జవాబు లేదు.

అమెరికా పోస్టర్లలోనూ లేదు. ఆ పదేళ్ళలో అక్కడ ధరలు సగానికి మించి పెరిగాయి. 1941లో 18.75కి వచ్చిన సరుకు 1951లో 25 పెట్టినా రాలేదు.

తుపాకుల కోసమే డబ్బు అడిగారని మీ వ్యాసకర్త రాశారు. అది సగమే. ఫ్యాక్టరీల్లో కూలి డబ్బు దండిగా అందుతోంది, దుకాణాల్లో సరుకు లేదు. ఆ డబ్బంతా బజారుకొస్తే ధరలు మండిపోతాయని దాన్ని బాండ్లలోకి లాగారు. బ్రిటన్‌లో ఫిలిప్ బాయిడెల్ గీసిన 'స్క్వాండర్ బగ్' (దుబారా పురుగు) బొమ్మ పని అదే. ఒంటినిండా స్వస్తిక గుర్తులున్న ఆ పురుగు కనిపించిందల్లా కొనమని చెవిలో ఊదుతూ ఉంటుంది. రేషన్ మీద ఇల్లు నెట్టుకొచ్చే ఇల్లాలు ఏదో కొనుక్కుంటే హిట్లర్ పక్షమైపోతుందా? ఆ బొమ్మ నాకు నచ్చలేదు.

మన పోస్టాఫీసుల్లోనూ 1940 నుంచి పదేళ్ళ డిఫెన్స్ సేవింగ్స్ సర్టిఫికెట్లు అమ్మారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. అప్పటికి శ్రీకాకుళం, బొబ్బిలి ఆ జిల్లాలోవే. ఇక్కడి వాళ్ళని భయపెట్టడానికి వేరే బొమ్మ అక్కర్లేకపోయింది.

ఆనాటి తెలుగు కరపత్రాలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే తెప్పించి అచ్చు వేయండి. పక్కనే ఆ ఏడు బియ్యం ధర, పదేళ్ళ తర్వాతి ధర కూడా వేయండి.

– విశ్రాంత సబ్ పోస్ట్‌మాస్టర్, బొబ్బిలి